ఏటికి ఇవతలి నుంచి: ప్రెసిడియో కౌంటీలో నాలుగు రోజులు

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మా ఇంటికొచ్చి మూడు రోజులైంది. కారు కడిగినా చక్రాల సందుల్లో తెల్ల దుమ్ము అలాగే ఉంది. నాన్న డైనింగ్ టేబుల్ మీద కాగితం పరుచుకుని, చూసొచ్చిన ఏటి బొమ్మ గీస్తున్నారు. ఇద్దరం మరిచిపోయేలోపు రాసిపెట్టాలని నేనూ కూర్చున్నాను.

నాన్న కర్నూలులో నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. కేసీ కాలువ గట్ల మీద ముప్పై ఏళ్లు తిరిగారు. అక్టోబరులో అమ్మతో కలిసి మా దగ్గరికి వచ్చారు. గుళ్లు చూశారు, మాల్స్ చూశారు. ఒకరోజు పొద్దున్నే కాఫీ తాగుతూ "పాపా, ఈ దేశంలో ఒక్క ఏరైనా చూపియ్యవా" అని అడిగారు. థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి టెక్సాస్‌లోనే మెక్సికో సరిహద్దులో, రియో గ్రాండే ఒడ్డున ఉన్న ప్రెసిడియో కౌంటీకి వెళ్దామని నేనే అన్నాను. అమ్మ మోకాళ్లు అంత ప్రయాణం తట్టుకోవు. మా బాబుని చూసుకుంటూ ఇంట్లోనే ఉండిపోయింది.

ఒక విషయం ముందే చెప్పాలి. మేం వంతెన దాటి మెక్సికోలోకి వెళ్లలేదు. నా పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ఎప్పుడో అయిపోయింది. నాన్నది విజిటర్ వీసా. వెనక్కి రావడం దగ్గర చిన్న సందేహం ఉన్నా ఆ రిస్కు తీసుకునే ధైర్యం మాకు లేదు. అందుకే ఇదంతా ఒక్క ఒడ్డు నుంచి చూసింది.

2025 నవంబరు 26, బుధవారం: మార్ఫా

కౌంటీ వైశాల్యం దాదాపు పది వేల చదరపు కిలోమీటర్లు. ఇప్పటి కర్నూలు జిల్లా కంటే పెద్దది. 2020 జనాభా లెక్కల్లో ఉన్నది 6,131 మంది. ఈ రెండు అంకెలూ చెబితే నాన్న నమ్మలేదు. మార్ఫా చేరేదాకా కిటికీలోంచి చూస్తూ వచ్చి, "ఎండిన గడ్డి తప్ప మనిషి లేడే" అన్నారు.

మార్ఫా కౌంటీ ముఖ్య పట్టణం. 1883లో రైలింజన్లకు నీళ్లు పట్టే స్టేషన్‌గా పుట్టింది. నడిబొడ్డున 1886లో కట్టిన కోర్టు భవనం గులాబీ రంగులో, గోపురంతో ఉంటుంది. రైళ్లు ఇప్పటికీ ఊరి మధ్యలోంచే పోతాయి. ఆగవు.

పొద్దు వాలేముందు ఊరి చివర, ఒకప్పటి సైనిక శిబిరం స్థలానికి వెళ్లాం. డోనాల్డ్ జడ్ అనే శిల్పి 1970లలో న్యూయార్క్ నుంచి ఇక్కడికి వచ్చి, ఆ శిబిరం భవనాల్లోనూ మైదానంలోనూ తన శిల్పాలు పెట్టాడు. వాటిని చూసుకునే చినాటి ఫౌండేషన్ 1986లో మొదలైంది. గడ్డిలో ఒక కిలోమీటరు పొడవునా మనిషి కంటే ఎత్తైన కాంక్రీటు పెట్టెలు, పదిహేను గుంపులుగా. నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. నాన్న మాత్రం ఒక్కో పెట్టె దగ్గర ఆగి, అంచుల మీద చెయ్యి పెట్టబోయి, ముట్టుకోవద్దన్న బోర్డు చూసి వెనక్కి తీసుకున్నారు. "సెంట్రింగు ఎంత బాగా కొట్టినారో చూడు, నలభై ఏళ్లయినా మూల చెదర్లే" అన్నారు. ఆ తర్వాత నేనూ మూలలే చూశాను. సూర్యుడు దిగేకొద్దీ ఒక్కో పెట్టె లోపల నీడ ఒక్కో రకంగా కదిలింది. కాసేపు మాట్లాడబుద్ధి కాలేదు.

ఈ కళ వల్లే మార్ఫా పేరు ప్రపంచానికి తెలిసింది. గది అద్దె కూడా దాన్ని బట్టే ఉంది: రాత్రికి 190 డాలర్లు. లాండ్రీ దగ్గర కలిసిన ఒక పెద్దావిడ తన అమ్మమ్మ కట్టిన మట్టి ఇంటి గురించి చెప్పింది. ఎండబెట్టిన మట్టి ఇటుకల ఇళ్లు ఇక్కడ పేదవాళ్ల ఇళ్లు. బయటి నుంచి వచ్చినవాళ్లు వాటిని ముచ్చటపడి కొనడంతో ధరలు పెరిగాయి. 2017లో మట్టి ఇళ్లకు విడిగా విలువ కట్టడం మొదలుపెట్టాక ఆమె పన్ను కూడా పెరిగింది. "ఇల్లు మారలేదు. గోడలు మారలేదు. నా పెన్షనూ మారలేదు" అంది. ఊళ్లో తన చుట్టాలు సగం మంది ఇళ్లు అమ్ముకుని టెక్సాస్‌లోనే ఒడెస్సా, ఎల్ పాసో వెళ్లిపోయారట.

నవంబరు 27, గురువారం: దారి తప్పి, షాఫ్టర్ మీదుగా

ఏటి దగ్గరికి దగ్గర దారి కదా అని ఫోను చెప్పినట్టు 2810 నంబరు రోడ్డు పట్టాం. అది తప్పు. ముప్పై రెండు మైళ్లు చక్కటి తారు రోడ్డు. అటూ ఇటూ పచ్చిక, దూరంగా చినాటి కొండలు, అక్కడక్కడ జింకలు. ఆ తర్వాత తారు అయిపోయింది. ముందు పింటో లోయలోకి దిగే రాళ్ల బాట. మా ఆయన రెండు మైళ్లు నెట్టుకొచ్చాడు. కారు అడుగున రాయి తగిలి పెద్ద చప్పుడయ్యేసరికి ఆపేశాడు. ఫోనులో సిగ్నల్ లేదు. గంటలో ఒక్క బండీ కనపడలేదు. కారు కింద చమురు కారుతుందేమోనని పడుకుని చూస్తుంటే నాకు చాలా టెన్షన్ పట్టుకుంది. ఏమీ కాలేదు, దేవుడి దయ. వెనక్కి మార్ఫా వచ్చేసరికి మధ్యాహ్నం. ఎత్తుగా ఉండే బండి లేకపోతే ఆ దారి వద్దు. రెండు పక్కలా పశువుల రాంచ్‌ల వాళ్ల సొంత భూములు కాబట్టి రోడ్డు దిగడానికి కూడా ఉండదు.

67వ నంబరు హైవే మార్ఫా నుంచి ఏటి ఒడ్డున ఉన్న ప్రెసిడియో ఊరికి అరవై మైళ్లు. రెండు వేల అడుగులు కిందికి దిగుతుంది. దిగేకొద్దీ పచ్చిక పోయి ముళ్ల పొదలు వచ్చాయి, స్వెటర్లు విప్పేశాం. 1914 జనవరిలో మెక్సికో విప్లవ నాయకుడు పాంచో వీయా సేన, ప్రెసిడియోకి ఎదురుగా అవతలి ఒడ్డునున్న ఒజినాగాను పట్టుకున్నప్పుడు వేల మంది సైనికులూ, ఆడవాళ్లూ, పిల్లలూ ఏరు దాటి ఇటు వచ్చారు. వాళ్లందరినీ మార్ఫా రైలు దాకా నడిపించారు. చలికాలంలో, ఎగువకి. కార్లో గంట ప్రయాణం చేస్తూ ఆ పిల్లల గురించే ఆలోచించాను.

దారిలో షాఫ్టర్. 1880లలో వెండి గని పెట్టిన ఊరు, 1942లో గని మూతపడింది. 2012లో మళ్లీ తెరిచి, వెండి ధర పడిపోవడంతో మరుసటి ఏడాదే ఆపేశారు. ఇప్పుడు మిగిలినవి ఓ చర్చి, కూలిన గోడలు, కొద్దిమంది మనుషులు, శ్మశానం. సమాధుల మీద ఎక్కువగా స్పానిష్ పేర్లే. నేల మీద పేర్చిన రాళ్ల మధ్య ప్లాస్టిక్ పూలు కొత్తగా ఉన్నాయి. నవంబరు మొదట్లో వాళ్లు పెద్దల పండగ చేసుకుంటారు. మన పెత్తర అమావాస్య లాంటిదని నాన్నకి చెబితే తలాడించి, చెప్పులు విప్పి లోపలికి నడిచారు.

ప్రెసిడియో చేరేసరికి ఆకలి. థ్యాంక్స్‌గివింగ్ కదా, హోటళ్లన్నీ మూసేశారు. పైగా గురువారం. నాన్న రాఘవేంద్రస్వామి వారమని మాంసం ముట్టరు. పెట్రోలు బంకులో ఒక మూలన పొయ్యి, పెనం పెట్టుకుని ఒకావిడ బరీటోలు చేస్తోంది. ఎర్ర మిరపకాయల పులుసులో ఉడికిన పంది మాంసం, ఇక్కడ ఆసాదో అంటారు, అదే అసలు రుచి. ఒక్కోటి నాలుగు డాలర్లు. మేమిద్దరం అదే తిన్నాం. నాన్నకి బీన్స్ చాలని అడిగాను. ఆవిడ నా మొహం చూసి, "పంది కొవ్వు వేశాను, ఆయన తింటారా?" అని తనే అడిగింది. తినరని చెబితే ఆగమని సైగ చేసి, పెనం కడిగి, పిండి రొట్టె మీద తెల్లటి జున్ను లాంటిది పరిచి, పచ్చిమిరపకాయ నిప్పు మీద కాల్చి పెట్టింది. ఆ చీజ్ పేరు అసాదేరో, ఒజినాగాలో చేసేది. పక్కన రాతి రోట్లో నూరిన కాల్చిన టమాటా, మిరపకాయల పచ్చడి. నాన్న రెండో రొట్టె అడిగారు. "మన రోటిపచ్చడేనే ఇది" అన్నారు. ఆవిడ రెండో రొట్టెకి డబ్బు తీసుకోలేదు. పండగన్నమాట.

ఆవిడ ఇల్లు ఒజినాగాలో. రోజూ వంతెన దాటి పనికి వస్తుంది. కొడుకు అమెరికాలో పుట్టాడు, ప్రెసిడియో బడిలో చదువుతాడు. అవతలి ఒడ్డుని ఇక్కడ ఎవరూ మెక్సికో అనరు. "ఎల్ ఓత్రో లాదో" అంటారు, అంటే అటుపక్క. కర్నూలులో మేం అలంపూర్‌ని "ఏటవతల" అన్నట్టే.

నవంబరు 28, శుక్రవారం: రుయిడోసా, కాండెలారియా

ఏటి ఎగువకి 170వ నంబరు రోడ్డు 48 మైళ్లు పోయి కాండెలారియా దగ్గర ఆగిపోతుంది. నాన్న కోరిక తీరే రోజు. రుయిడోసా దాటాక ఒక చోట చెట్ల సందులోంచి నీళ్లు కనిపించాయి. ఆయన దిగి చూసి చాలాసేపు మాట్లాడలేదు. గోధుమ రంగు నీళ్లు, మోకాలు మునిగేంత లోతు ఉంటుందేమో.

"ఇదేనా పాపా, అంత పెద్ద పేరు పెట్టుకున్న ఏరు?"

కారణం ఎగువన ఉంది. న్యూ మెక్సికోలో 1916లో ఎలిఫెంట్ బ్యూట్ డ్యామ్ కట్టారు. అక్కడి నుంచి ఎల్ పాసో దాకా పొలాలూ ఊళ్లూ నీళ్లన్నీ తీసేసుకుంటాయి. ఆ కిందనున్న మైళ్ల కొద్దీ దూరానికి నిపుణులు పెట్టుకున్న పేరే "మరిచిపోయిన పాయ". దీనికి మళ్లీ ప్రాణం వచ్చేది ప్రెసిడియో దగ్గర, మెక్సికో కొండల నుంచి వచ్చే కాంచోస్ నది కలిశాకే. ఈ కలిసే చోటుని లా హుంటా అంటారు, కూడలి అని. స్పెయిన్ వాళ్లు రాకముందే ఇక్కడ జనం ఊళ్లు కట్టుకుని, మొక్కజొన్న పండించుకున్నారు.

1944లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. కాంచోస్‌తో కలిపి ఆరు ఉపనదుల నుంచి మెక్సికో ఏటా సగటున 3,50,000 ఎకరా అడుగుల నీళ్లు అమెరికాకి ఇవ్వాలి, లెక్క ఐదేళ్లకోసారి తేల్చుకోవాలి. ఇది చెబితే నాన్న ఫోను తీసి లెక్కేశారు. పదిహేను టీఎంసీల పైచిలుకు. "ఆర్డీఎస్ కింద మీ అమ్మ వాళ్లకి రావాల్సింది 15.9. అంతే నీళ్లు" అన్నారు. రాజోలిబండ కాలువ చివర అలంపూర్ రైతులకి ఆ నీళ్లు కాగితం మీద ఉన్నంతగా ఎప్పుడూ రాలేదని మా మామయ్యలు చెప్పగా విని పెరిగాను. ఇక్కడి ఐదేళ్ల లెక్క మొన్న అక్టోబరులో ముగిసింది, మెక్సికో ఇవ్వాల్సింది ఇవ్వలేకపోయింది. కరువులో ఎవరి దగ్గర ఉన్నాయి ఇవ్వడానికి? 2020లో మెక్సికోలోని చివావా రాష్ట్ర రైతులు తమ నీళ్లు వదలొద్దని లా బోకియా డ్యామ్ దగ్గర సైనికులకి ఎదురు తిరిగారు. నాన్న ఎవరినీ తప్పు పట్టలేదు. "తూము కాడ నిలబడినోడికే తెలుస్తాది" అన్నారు.

కాండెలారియాలో రోడ్డు ఇళ్ల మధ్య అయిపోతుంది. అవతల కనిపించే ఊరు శాన్ ఆంటోనియో దెల్ బ్రావో. రెండూ ఒకే చుట్టరికం ఉన్న ఊళ్లు. మధ్యలో చిన్న కాలి వంతెన ఉండేది. దుకాణానికి, డాక్టరుకి, పెళ్లికి, చావుకి దాని మీదే వచ్చిపోయేవాళ్లు. 2008లో అమెరికా అధికారులు అది అనుమతి లేని దాటు అని తీసేశారు. ఇంటి ముందు మేకలకి నీళ్లు పెడుతున్న ఒక తాత మమ్మల్ని చూసి కుర్చీలు వేశాడు. ఆయన చెల్లెలు అవతల ఉంది. చెట్ల మీదుగా వాళ్ల ఇంటి పొగ చూపించాడు. ఇప్పుడు ఆమెని చూడాలంటే 48 మైళ్లు ప్రెసిడియో వెళ్లి, వంతెన దాటి, ఒజినాగా నుంచి మళ్లీ అంత దూరం మట్టి రోడ్డున ఎగువకి రావాలి. డెబ్బై దాటిన ఆయన కారు నడపడం మానేశాడు. సాయంత్రం పూట ఒడ్డుకి పోయి ఈల వేస్తాడట. ఆమె తువ్వాలు ఊపుతుందట.

నాన్న ఆయన చెయ్యి పట్టుకున్నారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. మా ఆయనకి తెలిసిన కొద్దిపాటి స్పానిష్‌తోనే ఇంత కథ నడిచింది.

ఇక్కడి నుంచి ఇంకా ఎగువన, తారు రోడ్డు లేని చోట, పోర్వెనీర్ అనే ఊరు ఉండేది. 1918 జనవరి 28 రాత్రి టెక్సాస్ రేంజర్లనే రాష్ట్ర పోలీసులు ఆ ఊళ్లో 15 మంది మగవాళ్లనీ కుర్రాళ్లనీ కాల్చి చంపారు. మిగిలినవాళ్లు ఏరు దాటి పారిపోయారు. ఊరు మళ్లీ లేవలేదు. ఈ కౌంటీలో ఏరు దాటడం అంటే ఒకోసారి ప్రాణం దక్కించుకోవడం కూడా, ఏ దిక్కుకైనా.

అదే రోజు సాయంత్రం: వంతెన దగ్గర

తిరిగొచ్చేసరికి ప్రెసిడియో వీధుల్లో బండ్లు బారులు తీరి ఉన్నాయి. డిసెంబరు పండగలకి ఇంటికి పోయే మెక్సికన్లు. పికప్ ట్రక్కుల మీద సైకిళ్లు, పరుపులు, వాషింగ్ మెషీన్లు, వెనక తాడుకి కట్టిన ఇంకో పాత కారు. ఎగువన ఫోర్ట్ హాంకాక్ నుంచి కింద డెల్ రియో ప్రాంతం దాకా వందల మైళ్లలో బండ్లు దాటే వంతెన ఇదొక్కటే. ఊరి టైర్ల కొట్టూ, కిరాణా కొట్టూ, మోటెలూ దీని మీదే బతుకుతాయి. మా మోటెల్ గది 85 డాలర్లు.

దగ్గర్లో ఉన్న పశువుల దొడ్లు మాత్రం ఖాళీ. చివావా దూడలు ఇక్కడి నుంచే టెక్సాస్ మేత భూములకి వచ్చేవి. గాయంలో గుడ్లు పెట్టి, బతికున్న మాంసాన్ని పురుగులు తినేసేలా చేసే ఒక ఈగ మెక్సికో దక్షిణాన బయటపడడంతో 2024 నవంబరులో అమెరికా పశువుల దిగుమతి ఆపేసింది. మధ్యలో కొన్ని చోట్ల తెరిచి, 2025లో మళ్లీ మూసేశారు. భయం నిజమైనదే, మందలకే ముప్పు. కానీ దొడ్లలో పని చేసే కుర్రాళ్లు ఏడాదిగా ఏం తింటున్నారో ఆ నిర్ణయంలో ఎక్కడా కనిపించదు. మోటెల్ కౌంటర్లో ఉన్న అబ్బాయి అలా దొడ్ల పని పోయి వచ్చినవాడే.

ప్రెసిడియో ఒకప్పుడు ఉల్లిగడ్డకీ కర్బూజాకీ పేరున్న ఊరు. ఇప్పుడు ఆ పొలాలు చాలావరకు బీడు. ఉల్లి అనగానే నాన్న లేచి కూర్చున్నారు. మొన్న సెప్టెంబరులో కర్నూలు యార్డులో ధర పడిపోయి రైతులు ఏడ్చిన సంగతి ఆ అబ్బాయికి చెప్పమన్నారు. చెప్పాను. అబ్బాయి తన తాత ఉల్లి నారు వేసిన పొలం ఏ దిక్కున ఉందో చెయ్యెత్తి చూపించాడు.

అదే అబ్బాయి చెప్పిందే: కౌంటీ మొత్తంలో ఆసుపత్రి లేదు. కాన్పు వస్తే ఆల్పైన్ దాకా, అంటే దాదాపు 90 మైళ్లు పోవాలి. పంటి నొప్పికి, మామూలు మందులకి మాత్రం అందరూ ఒజినాగాకే. ఇది విని నాన్న 2021 మే నెల గుర్తుచేసుకున్నారు, పుల్లూరు టోల్‌గేటు దగ్గర ఆంధ్ర నుంచి హైదరాబాదు వెళ్లే కరోనా రోగుల అంబులెన్సులు ఆపేసిన రోజులు. అమ్మ పెళ్లయి కర్నూలు వచ్చినప్పుడు తుంగభద్రకి రెండు పక్కలా ఒకటే రాష్ట్రం. 2014 నుంచి అది సరిహద్దు. మేం సరిహద్దుని చూడటం అదే మొదటిసారి.

నవంబరు 29, శనివారం: దిగువకి, తర్వాత మళ్లీ మార్ఫా

పొద్దున్నే దిగువకి రెడ్‌ఫోర్డ్ మీదుగా వెళ్లాం. 1997 మే 20న ఇక్కడే, మాదకద్రవ్యాల నిఘాకి వచ్చి పొదల్లో దాక్కున్న అమెరికా సైనికుల బృందంలో ఒకరు, మేకలు మేపుకుంటున్న 18 ఏళ్ల కుర్రాణ్ని కాల్చి చంపారు. అతను అమెరికా పౌరుడు. ఆ తర్వాత సరిహద్దులో అలాంటి సైనిక గస్తీ అప్పటికి ఆపేశారు. ఊళ్లో బండి మెల్లగా పోనిచ్చాం. కాండెలారియా తాత మేకలు గుర్తొచ్చాయి.

ఇంకా కింద, కొండల మధ్య నిజమైన ఏరు కనిపించింది. వెడల్పుగా, చప్పుడు చేస్తూ, వంపు తిరిగి. నాన్న నీళ్లలోకి దిగి ఎగువా దిగువా చూసి, "నిన్న చూసిన ఏరు కాదు ఇది. పేరు రియో గ్రాండేది, నీళ్లు కాంచోస్‌వి" అన్నారు. నీళ్లు చేత్తో తీసుకుని నెత్తిన చల్లుకున్నారు. 2008 సెప్టెంబరులో ఇవే నీళ్లు ప్రెసిడియో కరకట్ట తెంపాయి. సుమారు ఏడాదికి, 2009 అక్టోబరు 2న, తుంగభద్ర కర్నూలులోకి వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో నీళ్లు కింది వాటా మొత్తం ముంచి పై మెట్లెక్కాయి. ఆయన అప్పుడు డ్యూటీలో ఉన్నారు. అమ్మా నేనూ డాబా మీద ఉన్నాం. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మార్ఫాకి ఎక్కే దారిలో, ఊరికి కొద్ది దూరంలో సరిహద్దు తనిఖీ కేంద్రం ఉంది. పైకి వెళ్లే ప్రతి బండీ ఆగాలి. నా పాస్‌పోర్టూ, మా ఆయనదీ చేతిలోనే ఉన్నాయి. నాన్నది డిక్కీలోని సూట్‌కేసులో. దిగి వెతుకుతుంటే చేతులు వణికాయి. దొరికింది. అధికారి చూసి, మర్యాదగానే తిరిగిచ్చాడు. అతనూ స్పానిష్ పేరున్నవాడే. ఈ కౌంటీలో నెల జీతం నిక్కచ్చిగా వచ్చే ఉద్యోగాల్లో ఇది ఒకటి. చాలా ఇళ్లలో ఒక కొడుకు ఈ యూనిఫాంలో, ఒక మేనమామ అవతలి ఒడ్డున ఉంటారు.

మార్ఫాలో చివరగా బ్లాక్‌వెల్ స్కూలు చూశాం. మెక్సికన్ పిల్లల కోసం 1909 నుంచి 1965 దాకా విడిగా నడిపిన బడి. 2022లో చట్టం చేసి జాతీయ చారిత్రక స్థలంగా కాపాడుతున్నారు. 1954లో ఒకరోజు టీచర్లు పిల్లల చేత స్పానిష్ మాటలు కాగితాల మీద రాయించి, చిన్న పెట్టెలో పెట్టి, జెండా స్తంభం దగ్గర పాతిపెట్టించారు. "మిస్టర్ స్పానిష్"కి అంత్యక్రియలన్నమాట. బడిలో స్పానిష్ మాట్లాడితే చెక్కతో కొట్టేవాళ్లు. నేను చదివిన స్కూల్లో తెలుగు మాట్లాడితే రూపాయి జరిమానా ఉండేది. ఆ రూపాయలు కట్టింది నాన్నే. గోడ మీద ఫోటోల్లో పిల్లల మొహాలు చూస్తూ ఆయన ఆ రూపాయలు లెక్కపెట్టుకున్నారేమో తెలీదు గానీ, బయటికొచ్చాక "అప్పుడు నేను వచ్చి అడగాల్సింది" అన్నారు.

ఇంట్లో

బంకు దగ్గర రొట్టె చేసిచ్చిన ఆవిడ శనివారం పొద్దున ఒక అసాదేరో ముద్ద ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇచ్చింది, ఎనిమిది డాలర్లు. నిన్న రాత్రి అమ్మ జొన్న రొట్టెలు చేసి, పెనం మీదే దాన్ని కరిగించి నూగుల పొడి చల్లింది. తింటూ నాన్నని అడిగింది, అవతలి ఒడ్డు ఎంత దూరంలో ఉంది అని.

నాన్న కాగితం మీద గీసిన బొమ్మ ఆమె వైపు తిప్పి, కాండెలారియా దగ్గర వేలు పెట్టారు.

"ఈడ నుంచి పిలిస్తే ఆడ పలుకుతారు" అన్నారు.